ఫిట్స్ మందు మార్చాలా? ముందు ఆ నెలలో ఏమేం మారాయో చూద్దాం

ప్రశ్న: గోదావరి ఒడ్డునున్న ఒక పట్టణం నుంచి విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. వారి ఇంట్లో బ్రూనో అనే ఆరేళ్ల లాబ్రడార్ ఉంది. బరువు 32 కిలోలు. మూడేళ్ల వయసులో దానికి మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. పరీక్షల్లో వేరే కారణమేదీ కనబడకపోవడంతో, వారి ఊరి పశువైద్యులు ఫినోబార్బిటాల్ మాత్రలు మొదలుపెట్టారు. ఉదయం 90, సాయంత్రం 90 మిల్లీగ్రాములు. అంటే పూటకు ఒక 60 మాత్ర, ఒక 30 మాత్ర. ఆ మందు మీద గత పద్నాలుగు నెలలుగా బ్రూనోకు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు.

ఈ మధ్య హైదరాబాద్‌లో కూతురింటికి వెళ్లినప్పుడు అక్కడ ఒక క్లినిక్‌లో రక్త పరీక్ష చేయించారు. లివర్ పరీక్షల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలు కంటే మూడు రెట్లకు పైగా ఉందని, ఏఎల్‌టీ అనే మరో లివర్ ఎంజైము కూడా కొంచెం పెరిగిందని తేలింది. అక్కడి యువ వైద్యురాలు లెవెటిరాసెటమ్ అనే మందుకు మారే విషయం ఆలోచించమన్నారు. ఊరికొచ్చి పాత డాక్టరుగారికి కాగితం చూపిస్తే, ఆయన ఒకసారి చూసి, పర్వాలేదు, ఇదే వాడండి అన్నారు. అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్ చేసి, అది వందేళ్లనాటి మందు, లివర్‌ను తినేస్తుంది, ఇంకా వాడుతున్నారా అని కోప్పడ్డాడు. ఆ రాత్రి నిద్రపట్టక, మర్నాటి నుంచి సాయంత్రం పూట 60 మాత్ర మానేసి 30 మాత్రమే ఇవ్వడం మొదలుపెట్టారు. ఈ సంగతి భర్తకు గాని, డాక్టరుకు గాని చెప్పలేదు. పన్నెండో రోజు రాత్రి బ్రూనోకు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. మర్నాడే మళ్లీ పాత మోతాదుకు వచ్చేశారు. "మందు మార్చాలా వద్దా? ఎవరి మాట వినాలి? ఆ రాత్రికి కారణం నేనేనా?" అని అడుగుతూ, పాత డాక్టరుగారి మొహం ఎలా చూడాలో తెలియడం లేదని ముగించారు.

సమాధానం: అమ్మా, మీరు అడిగిన మూడు ప్రశ్నల్లో చివరిదానితో మొదలుపెడతాను. అది తేలకపోతే మిగతా రెండింటి గురించి మీరు ప్రశాంతంగా ఆలోచించలేరని మీ ఉత్తరం చదువుతుంటేనే అర్థమైంది.

ఆ రాత్రికి మందు తగ్గించడం కారణం అయి ఉండవచ్చు. మిమ్మల్ని ఊరడించడానికి కాదని చెప్పలేను. సాయంత్రం ఒక్క మాత్రే కదా అని మీకు అనిపించి ఉంటుంది గాని, రోజుకు 180 మిల్లీగ్రాములు తీసుకునే కుక్కకు 120 మిల్లీగ్రాములే అందాయి. అంటే మూడో వంతు కోత. ఫినోబార్బిటాల్ మోతాదు మార్చాక రక్తంలో దాని మట్టం కొత్త చోట కుదురుకోవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. అందుకే మొదటి నాలుగైదు రోజులు బ్రూనో హుషారుగా కనబడి, తగ్గించడం మంచిదే అయిందని మీకు అనిపించింది. పన్నెండో రోజంటే మట్టం దాదాపు అడుగుకు చేరిన రోజు. పైగా చాలాకాలం వాడిన ఫినోబార్బిటాల్‌ను ఒక్కసారిగా తగ్గించినా, ఆపినా, ఆ తగ్గింపు తానే ఫిట్స్‌ను రేపగలదు.

అయితే, మీ ఉత్తరంలో నాలుగో పేజీలో, ఏదో మాటవరసకు రాసినట్టు, ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. ఊళ్లోని మందుల షాపులో ఎప్పుడూ ఇచ్చే కంపెనీ మాత్రలు లేకపోతే వేరే కంపెనీవి తెచ్చుకున్నామన్నారు. హైదరాబాద్ నుంచి వచ్చాక బ్రూనో చెవుల్లో పిడుదులు కనబడితే, మీ వారు పెంపుడు జంతువుల దుకాణంలో అడిగి నెలరోజులు పనిచేసే నమిలే మాత్ర ఒకటి వేశారన్నారు. ఈ రెండూ మీరు తేలిగ్గా దాటేశారు గాని, నేను అక్కడే ఆగాను.

పిడుదులకు నోటి ద్వారా ఇచ్చే ఆ తరహా మాత్రల్లో ఎక్కువ భాగం ఐసాక్సజోలిన్ జాతి మందులు; ఫ్లురలానర్, అఫాక్సోలానర్, సారోలానర్ అన్నవి ఆ కోవలోవి. చాలా కుక్కలకు ఇవి ఇబ్బంది లేకుండా పనిచేస్తాయి, పిడుదుల జ్వరాలు ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో ఎంతో మేలు కూడా చేశాయి. కాని కొన్ని కుక్కల్లో వణుకు, తూలడం, ఫిట్స్ రావచ్చని 2018 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఫిట్స్ చరిత్ర ఉన్న కుక్కకు వాటిని డాక్టరును అడగకుండా వేయకూడదు. కాబట్టి మాత్ర అట్టపెట్టె ఇంకా ఇంట్లో ఉంటే పారేయకండి, దాని మీద ఉన్న మందు పేరు కావాలి. ఇక కంపెనీ మారిన మాత్రల విషయంలో నాకున్న అనుమానం చిన్నది: పాత పత్తా (మాత్రల అట్ట), కొత్త పత్తా పక్కపక్కన పెట్టి, ఒక్కో మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములని అచ్చువేశారో చదవండి. 60 అడిగితే 30 పత్తా చేతికి రావడం మన కౌంటర్ల దగ్గర వింతేమీ కాదు.

అంటే మూడు వారాల వ్యవధిలో మోతాదు మారింది, కంపెనీ మారింది, కొత్త మందొకటి ఒంట్లోకి వెళ్లింది. ఇన్ని ఒకేసారి కదిలినప్పుడు తప్పు దేనిదో మీరు గాని, నేను గాని, హైదరాబాద్ వైద్యురాలు గాని చెప్పలేం. ఇప్పుడు నాలుగో మార్పుగా ఫిట్స్ మందునే మార్చేస్తే, ఆ తర్వాత మంచి జరిగినా చెడు జరిగినా ఎందుకు జరిగిందో ఎప్పటికీ తెలియదు. మందు మార్చడం గురించి నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఇక లివర్ సంగతి. మిమ్మల్ని అంతగా భయపెట్టిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అంకె, ఫినోబార్బిటాల్ వాడే కుక్కల్లో పెరగడం చాలా మామూలు. ఈ మందు లివర్ చేత కొన్ని ఎంజైములను ఎక్కువగా తయారు చేయిస్తుంది. ఆ ఎక్కువైన ఎంజైమే పరీక్షలో కనబడుతుంది. ఏఎల్‌టీ కూడా కొంత పెరగవచ్చు. లివర్ దెబ్బతింటోందా అన్నది తెలియాలంటే అది చేయాల్సిన పనులు చేస్తోందా అని చూడాలి. లివర్ తయారుచేసే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తగ్గుతోందా, లివర్ బయటికి పంపాల్సిన బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరుగుతోందా, తిండికి ముందూ తర్వాతా రక్తం తీసి చూసే బైల్ ఆసిడ్స్ (పైత్యరస ఆమ్లాల) పరీక్ష ఎలా ఉంది, అవసరమైతే స్కానింగ్‌లో లివర్ ఆకారం ఎలా ఉంది అన్నవి చెబుతాయి. మీరు పంపిన కాగితంలో ఆల్బుమిన్, బిలిరుబిన్ రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. ఇది మంచి కబురే గాని, పూర్తి కబురు కాదు. ఇంట్లో మీరు గమనించగలిగేది కూడా ఒకటుంది. ఈ మందు మీద ఉన్న కుక్క ఎప్పుడూ ఆకలిగా, దాహంగా తిరుగుతుంది. గిన్నె కడిగే చప్పుడుకే పరుగెత్తుకొస్తుంది. అలాంటి కుక్క అన్నం ముందు మొహం తిప్పుకున్నా, వాంతులు చేసుకున్నా, చిగుళ్లు, కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా ఒక్క రోజు కూడా ఆగకుండా తీసుకెళ్లాలి. బ్రూనో మీ వారి ఇడ్లీ ప్లేటు మీద పడుతున్నాడని రాశారు కాబట్టి, ఈ పూటకు ఆ లక్షణం లేదనుకుంటాను.

ఈ మందు విషయంలో అన్నింటికంటే ముఖ్యమైన అంకె మీ కాగితంలో లేనే లేదు. రక్తంలో ఫినోబార్బిటాల్ ఎంత ఉంది? మిల్లీలీటరుకు 15 నుంచి 35 మైక్రోగ్రాముల మధ్య ఉంటే సాధారణంగా పనిచేస్తున్నట్టు లెక్క. 35 దాటి ఎక్కువకాలం ఉంటే లివర్‌కు ముప్పు పెరుగుతుంది. మందు మొదలుపెట్టిన లేదా మోతాదు మార్చిన రెండు వారాలు గడిచాక ఒకసారి, మూడు నెలలు గడిచాక ఇంకోసారి, ఆ తర్వాత ప్రతి ఆర్నెల్లకోసారి ఈ పరీక్ష చేయించాలి. మనుషుల ఫిట్స్ మందులకు ఈ పరీక్ష చేసే పెద్ద ల్యాబుల ద్వారా దీన్ని చేయించుకోవచ్చు. మూడేళ్లలో ఒక్కసారీ చేయించలేదని మీ ఉత్తరాన్నిబట్టి తెలుస్తోంది. ఇందులో ఎవరినీ నిందించను. పద్నాలుగు నెలలు ఫిట్స్ రాని కుక్కకు సూది గుచ్చి రక్తం తీయించాలని ఎవరికీ తోచదు. కాని ఇప్పుడు ఈ అంకె లేకుండా మీ ఇద్దరు డాక్టర్లూ చెబుతున్నవి సగం సమాచారం మీద చెబుతున్న మాటలే. అది 20 దగ్గర ఉంటే పాత డాక్టరుగారి మాటకు బలం వస్తుంది. 38 ఉంటే హైదరాబాద్ వైద్యురాలిది వినాల్సిన మాట అవుతుంది. మీరు పాత మోతాదుకు వచ్చి రెండు వారాలు పూర్తయ్యాకే రక్తం ఇవ్వండి, లేకపోతే ఆ అంకె కూడా తప్పుదారి పట్టిస్తుంది.

మీ అబ్బాయి మాట గురించి కొంచెం. వందేళ్లనాటి మందన్నది నిజమే. 1912లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే వైద్యుడు మూర్ఛ రోగులకు నిద్ర కోసం ఇచ్చి, వాళ్లకు ఫిట్స్ తగ్గడం గమనించాడు. లెవెటిరాసెటమ్ అమెరికాలో మనుషుల కోసం 1999లో ఆమోదం పొందింది. కాని కుక్కల మూర్ఛకు ఈనాటికీ మొదటి వరుసలో వాడే మందుల్లో ఫినోబార్బిటాల్ ఉంది. మీ అబ్బాయి ఉంటున్న దేశంలోనే 2023 డిసెంబరులో కుక్కల మూర్ఛ కోసం ఫినోబార్బిటాల్ మాత్రలకు షరతులతో కూడిన ఆమోదం ఇచ్చారు. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఈ ముక్క చెప్పండి, కోప్పడకుండానే. దూరంగా ఉన్న పిల్లలకు చేతిలో చేయడానికేమీ ఉండదు. చదివిందంతా ఆందోళనగా మారి ఫోన్లో మన మీద పడుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఏది పట్టాలో నేను చెప్పను. బ్రూనోను నేను చూడలేదు, ఆ రక్తపు అంకె నా దగ్గర లేదు. ఏ దారిలో ఏముందో మాత్రం చెబుతాను.

ఉన్న మందు మీదే ఉండి, పైన చెప్పిన పరీక్షలు చేయించి, ఆర్నెల్లకోసారి కొనసాగించడం మొదటిది. మీకు అలవాటైన దారి, ఖర్చు తక్కువ, రోజుకు రెండు పూటలే. మట్టం ఎక్కువగా ఉంటే డాక్టరు లెక్కగట్టి మోతాదు తగ్గించవచ్చు. మీరు చేసింది కూడా తగ్గింపే, కాని లెక్కా, కాపలా లేకుండా. ఇందులో బాధ్యత ఏమిటంటే పరీక్షలు వాయిదా వేయకూడదు. ఇదే మోతాదు మీద ఉన్నా ఏళ్లు గడిచేకొద్దీ ఒంట్లో ఈ మందు త్వరగా కరిగిపోయి మట్టం తగ్గవచ్చు, కాబట్టి ఫిట్స్ రాకపోయినా చూస్తుండాలి. ఈ మందు, మత్తుపదార్థాలను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టం కింద మనోప్రభావక పదార్థాల జాబితాలో ఉంది, చీటీ లేకుండా ఇవ్వకూడదు. కొన్ని షాపులు అసలు పెట్టవు. పదిరోజుల మందు మిగిలి ఉండగానే తెచ్చుకునే అలవాటు చేసుకోండి.

రెండోది, హైదరాబాద్ వైద్యురాలు చెప్పిన లెవెటిరాసెటమ్. ఇది లివర్ మీద పెద్దగా ఆధారపడదు, త్వరగా పనిచేయడం మొదలుపెడుతుంది. కాని అంతే త్వరగా ఒంట్లోంచి వెళ్లిపోతుంది కూడా, అందుకే మామూలు మాత్రలు ఎనిమిది గంటలకోసారి వేయాలి: ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది, పండగైనా పెళ్లైనా. పన్నెండు గంటలకోసారి వేసే నిదానంగా విడుదలయ్యే మాత్రలు ఉన్నాయి, బ్రూనోలాంటి పెద్ద కుక్కకు వాడవచ్చు. అయితే వాటిని విరగ్గొట్టకూడదు, నూరకూడదు, కుక్క నమలకుండా మింగాలి. మీరు మాత్రను బూందీ లడ్డూలో పెట్టి ఇస్తామన్నారు. లాబ్రడార్ లడ్డూను నమలకుండా మింగుతుందో లేదో మీకే తెలియాలి. నెలకు ఖర్చు ఇప్పటికంటే చాలా ఎక్కువవుతుంది. ఇంకొక చిక్కు, ఫినోబార్బిటాల్ ఒంట్లో ఉన్నంతకాలం లెవెటిరాసెటమ్ మరింత వేగంగా కరిగిపోతుంది, కాబట్టి రెండూ కలిసి నడిచే నెలల్లో మోతాదు వేరుగా లెక్కించాలి. కొన్ని కుక్కల్లో మొదట్లో బాగా పనిచేసి, కొన్ని నెలలకు పట్టు సడలడం కూడా చూశాం. సిరప్ రూపంలో కొనాల్సి వస్తే, అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం లేదని సీసా మీద చదివి తేల్చుకోకుండా ఒక్క చుక్క కూడా పోయకండి. అది కుక్కలకు విషం.

ఈ దారి పట్టినా పాత మందు ఒక్కసారిగా ఆపరు. కొత్తది పూర్తి మోతాదులో కుదిరాక, పాతదాన్ని సాధారణంగా నెలకు నాలుగో వంతు చొప్పున దించుకొస్తారు. అంటే నాలుగైదు నెలల పని. ఆ నెలల్లో ఒకటి రెండు ఫిట్స్ రావచ్చని ముందే మనసులో పెట్టుకోండి, వచ్చినప్పుడు ఎవరికీ చెప్పకుండా మళ్లీ పాత మోతాదుకు పరుగెత్తకండి.

పొటాషియం బ్రోమైడ్ మూడోది. ఇది ఫినోబార్బిటాల్ కంటే కూడా పాతది, 1857 నాటిది. లివర్‌తో పనిలేకుండా మూత్రపిండాల ద్వారా పోతుంది, కాబట్టి నిజంగా లివర్ దెబ్బతిన్న కుక్కలకు ఆసరా. దీని సగం మందు ఒంట్లోంచి పోవడానికే మూడు వారాలకు పైగా పడుతుంది, పూర్తిగా కుదురుకోవడానికి మూడు నాలుగు నెలలు. తిండిలో ఉప్పు రోజుకో తీరుగా ఉంటే మట్టం కూడా రోజుకో తీరుగా ఊగుతుంది. ఇవాళ పెరుగన్నం, రేపు ఉప్పుచేప, ఎల్లుండి అప్పడాల ముక్కలు అన్న ఇళ్లలో ఇది కుదరదు. క్లోమం వాచే ప్రమాదం కూడా ఉంది. మీ ఊళ్లో దొరుకుతుందో లేదో కనుక్కోకుండా దీని గురించి ఆలోచించి లాభం లేదు. బైల్ ఆసిడ్స్ పరీక్షలో లివర్ నిజంగానే చెడిపోతోందని తేలితే మాత్రం ఇంత నెమ్మది లెక్కలు పనికిరావు. అప్పుడు ఆస్పత్రిలో ఉంచి త్వరగా మార్చాల్సి ఉంటుంది, అది ఇంట్లో చేసే పని కాదు.

ఎవరి మాట వినాలన్న ప్రశ్న మీరు ఇద్దరు డాక్టర్ల మధ్య పోటీలా రాశారు. నాకు అలా కనబడలేదు. ఒకరు మారే విషయం ఆలోచించమన్నారు, వెంటనే మార్చమనలేదు. ఇంకొకరు పర్వాలేదన్నారు, పరీక్షలు వద్దనలేదు. ఇద్దరిలో ఎవరికీ మీరు తగ్గించిన సంగతి తెలియదు, పిడుదుల మాత్ర సంగతీ తెలియదు. ఈ రెండూ తెలియని డాక్టరు పన్నెండో రోజు ఫిట్స్ గురించి వింటే, పూర్తి మోతాదు మీదే ఫిట్స్ తిరగబెట్టాయనుకుని మందు పెంచుతారు. లివర్ గురించి భయపడుతున్న మీరు, దాచడం వల్ల ఎక్కువ మందు దాకా పోవచ్చన్నమాట.

కాబట్టి పాత డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. మూడేళ్లుగా బ్రూనోను చూస్తున్న మనిషి, రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషి అని మీరే రాశారు. ఆ సౌకర్యం హైదరాబాద్ క్లినిక్ మీకు ఇవ్వలేదు. "సార్, భయపడి నేనే తగ్గించాను, మీకు చెప్పలేదు" అన్నంత మాట చాలు. ముప్పై ఏళ్లు పిల్లల చేత తప్పులు ఒప్పించిన టీచరుగారు మీరు, ఈ వాక్యం ఎంత తేలికో మీకు నేను చెప్పాలా? నా అనుభవంలో ఈ మాట విని నొచ్చుకున్న డాక్టర్ల కంటే, ఇంకో డాక్టరు దగ్గర విని నొచ్చుకున్నవాళ్లే ఎక్కువ. రక్తంలో మందు మట్టం, బైల్ ఆసిడ్స్ రాయించుకోండి. ఫలితాలు వచ్చాక, మీకు అభ్యంతరం లేకపోతే హైదరాబాద్ వైద్యురాలితో ఒకసారి ఫోన్లో మాట్లాడమని ఆయన్నే అడగవచ్చు. మీ వారికి కూడా చెప్పండి. ఆయన తెచ్చిన పిడుదుల మాత్ర మీద మీరు నింద వేస్తున్నట్టు కాకుండా, ఇద్దరి సంగతీ ఒకేసారి బల్లమీద పెట్టినట్టు చెబితే ఇంట్లో గొడవ రాదు.

ఈలోగా మోతాదు ఇప్పుడున్నట్టే, గడియారం చూసి ఇవ్వండి. లివర్ టానిక్కులు, కొత్త బిస్కట్లు, పిడుదులకు మరో మాత్ర, ఏదీ కలపకండి. మళ్లీ ఫిట్స్ వస్తే మొట్టమొదట టైము చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఇరవై నాలుగు గంటల్లో రెండోసారి వచ్చినా అది అత్యవసరం, తెల్లారేదాకా ఆగే పని లేదు. ఆ రాత్రి మీరు బ్రూనో కాళ్ల దగ్గర ఇనుప తాళాలు పెట్టామన్నారు. మనుషులకు చేసే ఆ అలవాటు వల్ల హాని లేదు, మేలూ లేదు. కాని నోట్లో చెయ్యి పెట్టి నాలుక లాగామన్నారు, అది మళ్లీ చేయకండి. కుక్క నాలుక మింగదు, మీ వేళ్లు మాత్రం పోతాయి. పక్కనున్న కుర్చీలు తీసి, ఫ్యాను వేసి, ఎండాకాలమైతే తడిగుడ్డతో పాదాలు తుడుస్తూ ఉండండి, ఫిట్స్‌లో ఒళ్లు బాగా వేడెక్కుతుంది. ఇంట్లో ఉంచుకుని మలద్వారం ద్వారా ఇచ్చే అత్యవసర మందు బ్రూనోకు పనికొస్తుందేమో కూడా ఈసారి అడగండి.

వెళ్లేటప్పుడు ఒక నోటుపుస్తకం తీసుకెళ్లండి. అందులో హైదరాబాద్ వెళ్లిన రోజు నుంచి తేదీలవారీగా ఏ మాత్ర ఎన్ని మిల్లీగ్రాములు వేశారో, పిడుదుల మాత్ర ఏ రోజు వేశారో, కొత్త పత్తా ఏ రోజు మొదలైందో రాయండి. ఆ రాత్రి రెండు ఫిట్స్‌కూ మధ్య ఎంతసేపు గడిచిందో, మధ్యలో బ్రూనో లేచి మామూలుగా నడిచాడో లేదో మీ ఉత్తరంలో రాయలేదు. డాక్టరుగారు మొదట అడిగేది అదే. మీకు గుర్తులేకపోతే మీ వారిని అడిగి, వెళ్లేముందే రాసుకోండి.